లోపల వదిలే గుడ్డ

అరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా టైలరుకి 'వచ్చే ఏడాది' అనే మాటతో పనిపడలేదు. ఎవరైనా గుడ్డ తెచ్చి ఎప్పటికిస్తావని అడిగితే రేపు అనేవాడు. ఆ రేపు వారానికో పది రోజులకో వచ్చేది. అంతకు మించి ముందు సంగతి మాట్లాడిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఈ రెండు నెలలుగా పొద్దున లేస్తే చాలు, వచ్చే ఏడాది షాపుకి కొత్త రంగు వేయిద్దామంటాడు, మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టిద్దామంటాడు, కూతురి దగ్గరికి వెళ్ళి నెల్లాళ్ళు ఉండి వద్దామంటాడు. అబద్ధం చేతకానివాడు మొదలుపెడితే ఇంతే, ఎక్కడ ఆపాలో తెలియదు.

ఈ కబుర్లన్నీ భార్య కోసం. షాపుకి వచ్చేవాళ్ళంతా ఆవిడని కాజాలక్క అంటారు. నలభై ఒక్కేళ్ళుగా ఆయన కుట్టిన ప్రతి బట్టకీ కాజాలు తీసి, గుండీలు పెట్టి, అంచులు మడిచి చేత్తో కుట్టింది ఆవిడే. తిన్నది ఇమడడం లేదంటే రెండు నెలల కిందట ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఆవిడని బయట బల్ల మీద కూర్చోబెట్టి ఆయన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. పొట్టలో గడ్డ ఉంది, కోసినా లాభం లేదు, నాలుగైదు నెలలకన్నా ఆశ పెట్టుకోవద్దన్నాడు. టైలరు బయటికొచ్చి, "పుండట. మందులు వాడితే మానిపోతుందట" అన్నాడు.

కూతురికి కూడా చెప్పలేదు. చెబితే ఆ పిల్ల ఫోనులోనే బావురుమంటుంది, ఇక దాచేదేముంది. అంతా తనొక్కడే కడుపులో దాచుకున్నాడు. ఆవిడకి తెలియకూడదు, భయంతో ఒక్కరోజు కూడా గడపకూడదు. ఆయనకి ఇప్పుడు కావలసింది అదొక్కటే.

దీనికి అడ్డం వచ్చేవి ఆవిడ పాత కబుర్లు. వయసు మీద పడ్డాక ఎవరికైనా వెనకటి సంగతులే తీపి. కాజాలక్కకైతే ఈ మధ్య దారపు ఉండ దొర్లినా ఏదో ఒకటి గుర్తొస్తుంది. "మనం మొదటి మిషను కొన్నప్పుడు" అని ఆవిడ ఎత్తుకోగానే ఈయన మాట మార్చేవాడు. సెలవు పుచ్చుకునే ముందు మనుషులు ఇలాగే మాట్లాడతారని ఆయనకో పిచ్చి భయం.

"ఆ పాత సోదంతా ఎందుకిప్పుడు. వచ్చే చలికాలానికి నీకు మంచి కోటు కుడతాను, చూస్తూండు" అన్నాడొకరోజు.

"చలికాలం సంగతి తర్వాత. ముందు ఈ జాకెట్లు చూడండి, కర్రకి తగిలించినట్టున్నాయి. సరిపోయేది ఒక్కటి కుట్టి పెట్టండి" అంది కాజాలక్క.

టేపు పెట్టి కొలిచాడు. ఛాతీ దగ్గరే నాలుగంగుళాలు తగ్గింది. ఆ అంకె పైకి అనలేదు.

"మళ్ళీ ఒళ్ళు చేస్తావులే. అప్పుడు విప్పుకోవడానికి లోపల బోలెడంత గుడ్డ వదులుతాను."



లోపల గుడ్డ వదలడానికి ఆ షాపులో ఒక పద్ధతుంది. ఎదిగే పిల్లలకి మూడంగుళాలు, కొత్తగా పెళ్ళయిన మగవాళ్ళకి రెండు, మిగతావాళ్ళకి ఒకటిన్నర. బాగా ముసలివాళ్ళకీ, జబ్బుతో చిక్కిపోయి ఇక తేరుకోరనిపించినవాళ్ళకీ మాత్రం కుట్టు నిలవడానికి కావలసినంత తప్ప ఏమీ వదలడు. వాళ్ళింక లావెక్కేదెక్కడ. ఇది ఆయన ఎన్నడూ ఎవరితోనూ అన్నది కాదు. కత్తెర పట్టిన చేతికి తెలుసు. బట్ట తిరగేసి అంచులు కుట్టే కాజాలక్కకి తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని ఉండగా టైలరు జాకెట్టు గుడ్డ పరిచాడు. ఒకటే వాగుడు. కమ్మీ ఇనుపది పెట్టించాలా స్టీలుది పెట్టించాలా, కూతురి ఊరికి రైలు మంచిదా బస్సు మంచిదా. నోటి దారి నోటిది, చేతుల దారి చేతులది. సాయంత్రానికి కుట్టడం అయిపోయింది. గుండీలు పెట్టుకోమని తెచ్చి ఆవిడ ఒళ్ళో వేశాడు.

కాజాలక్క అలవాటు కొద్దీ జాకెట్టు తిరగేసింది. పక్క కుట్లని బొటనవేలితో కిందినుంచి చంక దాకా తడుముకుంటూ వెళ్ళింది. రెండో పక్కా తడిమింది. అప్పుడు చూశాడు టైలరు తను చేసిన పని. లోపల వేలెడు గుడ్డ కూడా లేదు.

"గుడ్డ చాల్లేదు" అన్నాడు, ఆవిడ అడగకముందే.

బల్ల మీద అర మీటరు పైన గుడ్డ మిగిలి ఉంది. ఆవిడ దానివైపు చూసింది, ఈయనవైపు చూసింది.

"డాక్టరు ఎన్నాళ్ళన్నాడు?"

"నీకన్నీ అనుమానాలే. పుండు మానిపోతే వచ్చే ఏడాది..." అని ఆగిపోయాడు. బల్ల పట్టుకుని నిలబడి, "నాలుగైదు నెలలు. అందులో రెండు అయిపోయాయి" అన్నాడు.

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించబోయింది, రెండుసార్లు తప్పిపోయింది. భయపడకుండా చూడాలని ఆయన పడ్డ పాట్లన్నీ గంగపాలయ్యాయి.

"ఈ రెండు నెలలూ మీతో వేగలేక చచ్చాను" అంది చివరికి. "రేపంటే రేపు ఇవ్వని మనిషి వచ్చే ఏడాది రంగులంటుంటే నాకు తెలియదా. ఎంత దగ్గరో అదే తెలియలేదు."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను."

టైలరు స్టూలు పక్కనే నేల మీద కూలబడి ఏడ్చాడు. కుట్టిన బట్టలు తీసుకుందామని వచ్చిన ఒకాయన గుమ్మంలో ఈ దృశ్యం చూసి చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆయన్ని ఏడవనిచ్చింది. ఏడవడం అయ్యాక, "ఏదైనా పాత సంగతి చెప్పండి. నేను ఎత్తుకుంటే అడ్డు తగులుతున్నారు, మీరే చెప్పండి" అంది.

ముక్కు తుడుచుకుని మొదలుపెట్టాడు. "షాపు తెరిచిన రోజు జోరుగా వాన. ఒక్కడూ రాలేదు. సాయంత్రం పోస్టుమాన్ తడిసి ముద్దయి లోపలికొచ్చి, ఊరికే నిలబడితే బాగోదని చిరిగిన జేబు కుట్టించుకున్నాడు."

ఇక్కడ ఆగాడు. ఈ కథ ఎప్పుడు చెప్పినా ఇక్కడ ఆగక తప్పదు. వానేమిటి, మండుటెండ, ఆ మనిషి తడిసింది చెమటకి అని కాజాలక్క కొట్టిపారేసేది. నలభై ఒక్కేళ్ళలో ఇద్దరూ ఒక్కసారి కూడా తగ్గలేదు. కూతురు చిన్నప్పుడు ఈ తగువు పెట్టి వినోదం చూసేది.

ఆవిడ గుండీ కుట్టి దారం కొరికింది.

"ఏం, వాన కాదనవేం?" అన్నాడు టైలరు.

"వానే అనుకోండి. ఇకనుంచీ మీకెలా గుర్తుంటే అలాగే జరిగినట్టు."

ఆయన మోకాళ్ళ మీద దగ్గరికి జరిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"కాదే, ఎండే. నువ్వు చెప్పిందే నిజం, ఎండే" అన్నాడు.

ఆవిడ దాన్నీ కాదనలేదు.