రేకుల మీద గూడబాతులు

కైకలూరులో తెల్లారేసరికి ఐసు ఫ్యాక్టరీ ముందు లారీలు బారు తీరతాయి. మగవాళ్ళు వలలు భుజాన వేసుకుని చెరువులకి పోతారు. ఆడవాళ్ళు వాకిలి ఊడ్చి, తల ఎత్తి ఇంటికప్పు మీది పిట్టని ఓసారి చూసుకుని పొయ్యి వెలిగిస్తారు.

తాగే మనిషి ఉన్న ఇంటి మీద పిట్ట వాలుతుంది. ఆ ఊళ్ళో అంతే. రోజుకో క్వార్టరు తాగేవాడి ఇంటి మీద కొంగ. అంతకు మించితే గూడబాతు, ముక్కు కింద సంచీ వేలాడేసుకుని, మేకపిల్లంత. వాటినెవరూ అదిలించరు. అదిలించినా పోవు మరి.

వల లాగే తాతాజీ ఇంటి మీద పదేళ్ళుగా ఒక్క కొంగే ఉండేది. రేకుల ఇల్లు. కొంగకి ఏపాటి బరువుంటుంది? భార్య సుబ్బలక్ష్మి దానికి అలవాటు పడిపోయింది.

చెరువుల ఆసామి హనుమంతరావు మేడ మీద తొమ్మిది గూడబాతులు. ఆయన ఏలూరులో ఏసీ గదుల్లో కూర్చుని, వ్యాపారం మాట్లాడుతూ తాగుతాడు. దాన్ని తాగుడని ఎవరూ అనరు. స్లాబు గట్టిది, కిందవాళ్ళకి చప్పుడైనా వినపడదు.

ఆ మాఘమాసంలో తాతాజీని వల జట్టుకి మేస్త్రీని చేశారు. జీతం రెట్టింపయింది.

"మనమూ స్లాబు వేసుకుందామండీ," అంది సుబ్బలక్ష్మి.

"వేద్దాంలే," అన్నాడు.

చేపల పట్టుబడి అయిన రోజు ఆసామి జట్టుకి ఒక సీసా ఇస్తాడు. అది మేస్త్రీ చేతికే వస్తుంది. మూత తీసి మొదటి గుక్క మేస్త్రీయే తాగాలి, అది మర్యాద. అక్కడ పట్టుబడి లేని రోజులు తక్కువ. చేతిలో డబ్బాడుతోంది గనక, ఆ సీసా అయ్యాక రెండోది తాతాజీయే కొనేవాడు. కొంగ పోయి, స్లాబు కంటే ముందు గూడబాతు వచ్చింది. ఉగాదికి రెండయ్యాయి.

రేకు కుంగింది. కూతురు అఖిల పదో తరగతి పరీక్షలకి చదువుకునే మూల మీదే. సుబ్బలక్ష్మి సరుగుడు బాదు ఒకటి తెచ్చి దన్ను పెట్టింది. అదీ వంగింది. పిల్ల ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో బాదు పట్టుకుని చదివేది. ఆ రేకు ఏ పూట పిల్ల నెత్తిన పడుతుందోనని సుబ్బలక్ష్మికి కంటి మీద కునుకు లేదు. జీతం తగ్గితే పిట్టా తగ్గుతుందనుకుని ఆసామి ఇంటికి వెళ్ళింది.

"బాబుగారండీ, మా ఆయన్ని మళ్ళీ వలలోకి పంపించేయండి. మేస్త్రీ పని వద్దండి."

హనుమంతరావు నవ్వాడు. "జీతం తగ్గించమనే పెళ్ళాన్ని నిన్నొక్కదాన్నే చూశానమ్మాయ్. కోపం మొగుడి మీదా, డబ్బు మీదా?"

"కోపం కాదండి. రేకుల మీద బెంగండి."

పక్కనే వక్కలు కత్తిరిస్తున్న ఆయన భార్య కామాక్షి నవ్వలేదు.

ఆసామికి పోయేదేముంది? మర్నాడే ఇంకో మేస్త్రీని పెట్టాడు. "నోటికాడి కూడు తీసేశావు కదే," అని తాతాజీ రెండు రోజులు అన్నం ముట్టలేదు. సీసా మాత్రం ముట్టాడు. జీతం దిగింది, పిట్టలు దిగలేదు. వాటికి జీతం సంగతి ఏం తెలుస్తుంది? ఆ కోపానికి మూడోది కూడా వచ్చి వాలింది. బాదు నిలువునా పగిలింది.

ఆ పొద్దున సుబ్బలక్ష్మి నిచ్చెన అడిగి తెచ్చుకుంది. పక్కింటి రూబెన్ పట్టుకుంటే తను ఎక్కి బోల్టులు విప్పింది.

"ఎండకి ఎలా ఉంటారక్కా?" అన్నాడు రూబెన్.

"ఎండకి బరువుండదు కదా తమ్ముడూ."

రేకులన్నీ ఒక్కొక్కటే దింపారు. గూడబాతులు లేచి నాలుగు చుట్లు తిరిగాయి. వాలడానికి కప్పు లేదు. ఇంట్లో నవారు మంచం మీద తాతాజీ రాత్రి మత్తు దిగక పడుకుని ఉన్నాడు. ఒకటి రొమ్ము మీద, రెండు తొడల మీద, వచ్చి కుదురుగా కూర్చున్నాయి.

తాతాజీ కళ్ళు తెరిచాడు. కాసేపు ఊపిరి తీసుకోవడానికే సరిపోయింది.

"ఇవేంటే, ఇంత బరువున్నాయి?"

"మాకు తెలుసండి," అంది సుబ్బలక్ష్మి పొయ్యి ఊదుకుంటూ.

వైన్ షాపు రెండు వీధుల అవతలే. మీద పిట్టలతోనే గుమ్మందాకా డేకి, అక్కడే కూలబడి, మళ్ళీ మంచం చేరాడు. మర్నాడు గుమ్మందాకా కూడా పోలేకపోయాడు. అఖిల పరీక్ష రాసి వస్తూ, తాగుడు ఆగినవాళ్ళకిచ్చే మందులు పెద్దాసుపత్రి నుంచి తెచ్చి వేసింది. సుబ్బలక్ష్మి గంజి పట్టింది. అతను తిట్టాడు, ఏడ్చాడు. తొమ్మిదో రోజు ఒకటి లేచి కొల్లేరు వైపు పోయింది. తర్వాత వారానికి ఇంకొకటి. నెల తిరక్కుండా మూడోదీ గోడెక్కి, కాసేపు ఆగి ఎగిరిపోయింది.

ఆ రోజే గొడుగు వేసుకుని కామాక్షి వచ్చింది. కప్పు లేని ఇంటి మధ్య నిలబడి, గొడుగు పక్కకి దించి ఆకాశం కేసి చూసింది.

"నీవి రేకులు గనక విప్పుకున్నావు సుబ్బలక్ష్మీ. స్లాబు ఎలా విప్పుతారే?"

"కూర్చోండమ్మగారూ, ఎండగా ఉంది," అంది సుబ్బలక్ష్మి.

తాతాజీ తనే లేచి, ఆవిడ కోసం మంచం గోడ నీడలోకి జరిపాడు.