మూడో ఫైరింజను

ముప్పై మూడేళ్లు ఫైర్ స్టేషన్‌లో బండ్ల కింద పడుకుని పనిచేసిన మెకానిక్‌కి, బొటనవేలంత ఫైరింజను చేయడం ఓ లెక్కా అనుకుంటారు అందరూ. లెక్కే మరి. పెద్ద బండి దగ్గర చెయ్యి కాస్త వణికినా స్పానరు పట్టు తప్పదు. ఈ బుల్లి బండి దగ్గర గట్టిగా ఊపిరి వదిలితే చాలు, నిచ్చెన ఎగిరి మంచం కిందికి పోతుంది. ఆ తర్వాత గంటసేపు టార్చిలైటు పట్టుకుని నేలంతా పాకాలి.

చేస్తున్నది అతను పుట్టకముందు రోడ్ల మీద తిరిగిన రకం. పైకప్పు లేదు. డ్రైవరు ముందొక అద్దం, పక్కన ఇత్తడి గంట, వెనక చక్రాల మీద దొర్లే పొడుగాటి కర్ర నిచ్చెన. గుండుసూది తలను అరగదీసి గంట చేశాడు. నీళ్ల గొట్టాలకి మైనం పట్టించిన దారం చుట్టాడు. నిచ్చెనకి ఇరవై రెండు మెట్లు. భూతద్దం కింద ఒక్కొక్కటీ అతికించేసరికి మెడ పట్టేసి, మూడు రోజులు ఎవరు పిలిచినా మనిషంతా తిరగాల్సి వచ్చింది. అద్దానికి మాత్రల అట్ట మీది ప్లాస్టిక్కు కత్తిరించాడు. ఆ వయసులో మాత్రల అట్టలకి కొదవేముంది!

ఇంత అవస్థా వియ్యంకుడి కోసం. కూతురి మామగారు స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాక, ఇంట్లో ఓ గదినిండా బల్లలు వేసి బుల్లి రైలు పరిచాడు. అసలు రైల్లో ఎనభై ఏడో వంతు. పట్టాలు, సిగ్నళ్లు, గూడ్స్ షెడ్డు, గేటు పక్కన మూడు తలుపుల ఫైర్ స్టేషను. పెళ్లి మాటలకి వెళ్లిన రోజున మిగతావాళ్లు హాల్లో ముహూర్తం సంగతి తేల్చుకుంటుంటే, వీళ్లిద్దరూ ఆ గదిలో దూరి గంటన్నర బయటికి రాలేదు. "పెళ్లి పిల్లలకా, మీ ఇద్దరికా?" అని మెకానిక్ భార్య నవ్వింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. అప్పట్నుంచీ అతనికి వారమంటే ఆదివారమే. పొద్దున పదింటికి ఆ గదిలో ఉంటే మనిషి, లేకపోతే లేనట్టే.

స్టేషన్ మాస్టరు కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. లోపమున్న వస్తువు బల్ల ఎక్కకూడదన్నది ఆయన నియమం. ఎంత బాగా చేసుకెళ్లినా భూతద్దంలో చూసి, పెదవి విరిచి, దూదిలో చుట్టి తిరిగి చేతిలో పెట్టేవాడు. "బాగుచేసి పట్రండి. వచ్చే ఆదివారం చూద్దాం, బావగారూ." మొదటి బండిని ఐదుసార్లు తిప్పి పంపాడు, చక్రాల ఎరుపు ముదిరిందని. రెండోదాన్ని మూడుసార్లు. మెకానిక్ దారి పొడుగునా తిట్టుకునేవాడు. ఇంటికి చేరగానే బల్ల ముందు కూర్చునేవాడు.

ఎనిమిది నెలల కిందట కూతురు రెండు సూట్‌కేసులతో పుట్టింటికి వచ్చేసింది. తప్పెవరిదన్నది ఈ ఇంట్లో ఒకలా, ఆ ఇంట్లో ఒకలా చెప్పుకుంటారు. మెకానిక్ ఎటూ చెప్పడు. ఆదివారాలు మాత్రం మానలేదు. వియ్యపురాలు వంటింట్లోంచి బయటికి రావడం మానేసింది, టీ కప్పు స్టేషన్ మాస్టరే తెచ్చి పెడుతున్నాడు. వచ్చే గురువారం కోర్టులో విడాకుల కాగితం మీద జడ్జి సంతకం పెడితే అన్నీ అయిపోతాయి. మూడో బండి ఈ ఆదివారం బల్ల ఎక్కితే, ఆయన నోటితోనే నాలుగోది అడుగుతాడని, ఆదివారాలు ఆగవని మెకానిక్ ఆశ. ఆ ఒక్క ఆశతోనే పది రోజులుగా కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి డబ్బాలో సర్దుతుంటే అద్దం ఊడి చేతిలోకి వచ్చింది. ఆ అద్దానికి తెల్ల జిగురే వాడాలి. అది ఆరాలంటే రాత్రంతా పడుతుంది. బస్సేమో తొమ్మిదింటికి. క్షణంలో పట్టే జిగురు అద్దం దగ్గరికి రానివ్వకూడదని అతనికి తెలుసు, పదిమందికి చెప్పినవాడే. అయినా ఆదరాబాదరాగా ఓ చుక్క పెట్టేశాడు. మొహం కడుక్కొచ్చేలోగా జిగురు ఆవిరి పట్టి అద్దమంతా తెల్లబడింది, కంట్లో శుక్లం వచ్చినట్టు. మధ్యలో అతని వేలిముద్ర స్పష్టంగా కనిపిస్తోంది. మెకానిక్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

కూతురు గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంకా ఎందుకు నాన్నా ఆ ఇంటికి?"

"ఈ బండి ఇచ్చేసి వస్తానమ్మా."

"ఇలాగే ఇస్తే ఆయన ఊరుకుంటారా? మొహాన కొడతారు."

బస్సులో సగం దూరం వెళ్లాక ఆ మాట అతని బుర్రకెక్కింది. అవును, ఆయన ఊరుకోడు. దూదిలో చుట్టి చేతిలో పెడతాడు. వచ్చే ఆదివారం చూద్దాం అంటాడు. వచ్చే ఆదివారమంటే గురువారం దాటాకే కదా! మెకానిక్‌కి ప్రాణం లేచొచ్చింది. చేసిన తప్పుకి అంత మురిసిపోయిన మెకానిక్ లోకంలో ఇంకొకడుండడు. మచ్చ ఎక్కడ తగ్గిపోతుందోనన్న భయంతో రెండుసార్లు డబ్బా తెరిచి చూసుకున్నాడు.

స్టేషన్ మాస్టరు తలుపు తీసి, కూర్చోమని చెయ్యి చూపించాడు. బండిని అరచేతిలో పెట్టుకుని భూతద్దం తీశాడు. చక్రాలు చూశాడు, గంట చూశాడు, అద్దం దగ్గర ఆగాడు.

"జిగురు ఆవిరి కొట్టిందండీ, తొందరపడ్డాను," అన్నాడు మెకానిక్. "తీసుకెళ్లి మార్చి, వచ్చే ఆదివారం..."

"ఫరవాలేదు, ఉండనివ్వండి. చాలా బాగుంది."

ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట రాలేదు.

"బాగుండడమేమిటండీ? నా వేలిముద్ర కూడా పడింది, సరిగ్గా చూడండి. ఎరుపు ముదిరిందని ఐదుసార్లు పంపారే, ఇది కనపడట్లేదా మీకు?"

"కనపడుతోంది."

"నిచ్చెన కూడా వంకరగా వచ్చింది."

"వంకరేం లేదు, బావ..." అని స్టేషన్ మాస్టరు మధ్యలో ఆపేశాడు. "వంకర లేదండీ," అన్నాడు.

మూడో తలుపులోకి బండిని వేలితో మెల్లగా తోశాడు. సరిగ్గా పట్టింది. అది పట్టకపోయినా బాగుండేదనుకున్నాడు మెకానిక్. పోనీ బల్ల మీది రేకు కత్తెర తీసుకుని చక్రం కత్తిరించేద్దామా అని కూడా అనిపించింది. చెయ్యి రాలేదు.

"మా ఆవిడ ఒప్పుకోదండీ," అన్నాడు స్టేషన్ మాస్టరు, పట్టాల వైపే చూస్తూ. "గురువారం తర్వాత మీరు గుమ్మం తొక్కితే, తను ఇంట్లోంచి వెళ్లిపోతానంది. వాదించాను. నా వల్ల కాలేదు. మీరు లేకుండా ఈ గదిలో నేనేం చేస్తానో నాకే తెలీదు."

మెకానిక్ ఆవిణ్ణి తప్పుపట్టలేకపోయాడు. అవతల ఉన్నది కొడుకుని కన్నతల్లి, ఇవతల ఉన్నది తన కూతురు. స్టేషన్ మాస్టరు రైలు నడిపించాడు. అది గేటు దాటి, ఫైర్ స్టేషను ముందునుంచి వెళ్లి, మూడు చుట్లు తిరిగింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఆయన స్విచ్ కట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి కూతురు బట్టలు ఆరేస్తోంది. తండ్రి చేతిలో ఖాళీ డబ్బా చూసి ఆశ్చర్యపోయింది.

"ఉంచేసుకున్నారా? ఏమన్నారు నాన్నా?"

"చాలా బాగుందన్నారమ్మా," అని, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడి మెకానిక్ ఏడ్చాడు.