రుమాలు కింద చెయ్యి

ఇంద్రేశంలో దుర్గాప్రసాద్ దొర మామిడితోట సగం ఎండిపోయింది. బోరు వేస్తే ఫ్యాక్టరీ వాసన నీళ్లు. చుట్టూ ప్లాట్లకు పాతిన రాళ్లు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టుంది ఆయన సంగతి. అయినా సంగారెడ్డి షావుకారు చెయ్యి తాకడం ఆయనకు నామోషీ. అందుకని కాపు అమ్మే బేరానికి తోట కాసే యాదన్న కూతురు జ్యోతిని కూర్చోబెట్టేవాడు.

ఆ బేరంలో మాటలుండవు. ఇద్దరి చేతుల మీద రుమాలు కప్పుతారు, కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. అమ్మేవైపు ఇంటివాళ్లే చెయ్యి పెట్టాలి, పనివాళ్లు పెట్టరు. అది వ్యాపారుల ఆచారం. దొర దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు.

కొనడానికి షావుకారు కైలాసం కొడుకు సుమిత్ మూడు వేసవులు వచ్చాడు. ధర తెగాక కూడా చెయ్యి వెంటనే వదిలేవాడు కాదు. ఆ కాసింత ఆలస్యం మీదే జ్యోతి ఏడాదంతా బతికేది. ఆకులు ఊడుస్తున్నా, గొడ్లకు నీళ్లు పెడుతున్నా ఆమె మనసు ఆ కుడిచేతిలోనే ఉండేది.

ఈ ఏడు కైలాసం కారులో వచ్చి దొర కూతుర్ని కొడుక్కి అడిగాడు. దొరింటి వియ్యం ఆయన ఆశ. తోటకు ఆసరా దొర ఆశ. పట్నంలో చదివే ఆ కూతురు అక్షర సరేనంది. ఫోటో చూపిస్తామంటే సుమిత్ "చూసిన పిల్లనే గదా" అన్నాడట. పట్నంలో చూసి ఉంటాడనుకుంది జ్యోతి. బేరాన్ని ప్రేమ అనుకున్నందుకు తనను తానే తిట్టుకుంది.

నిశ్చయానికి పూలు పండ్లు పెట్టుకునే రోజు, గుమ్మం ముందు సుమిత్‌కు కాళ్లు కడుక్కోవడానికి ఆమే చెంబు అందించింది. అతను నవ్వాడు.

"పెళ్లిపిల్ల మీరు. మీరు నీళ్లిచ్చుడేంది?"

"పెళ్లిపిల్ల లోపలున్నది సేటూ. నేను యాదన్న బిడ్డను."

"మరి రుమాలు కింద చెయ్యి పెట్టింది నువ్వే గదా?"

‘మీరు’ అప్పుడే ‘నువ్వు’ అయింది.

"దొర పెట్టుమన్నడు, పెట్టిన."

దొర బిడ్డ అనుకుని అతను కోరింది తననేనని అప్పుడు తెలిసింది జ్యోతికి. పట్టరాని సంతోషం కలిగింది. అతను ఒక్క మాట అంటే చాలు, వెంట ఎక్కడికైనా వెళ్లేది.

సుమిత్ లోపలికి చూశాడు. కైలాసం దొర పక్కన, దొర కుర్చీ లాంటి కుర్చీలోనే కూర్చున్నాడు. తండ్రి ముఖంలో అంత వెలుగు అతను ఎన్నడూ చూడలేదు.

"జల్దీ రారా," పిలిచాడు కైలాసం.

సుమిత్ కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాడు.

పెళ్లయింది. మళ్లీ కాపు వచ్చింది. అల్లుడు తోటకు వస్తున్నాడని విని జ్యోతి రుమాలు ఉతికి తెచ్చి, చెట్టు కింద ఎప్పటి చోటే కూర్చుంది. ఆశకు సిగ్గులేదు మరి.

దొర నవ్వాడు. "ఇంటల్లునితోని బేరమేందే? ఇగ రుమాలెందుకు? తీసెయ్."

సుమిత్ తల దించుకుని చెట్లవైపు నడిచాడు. జ్యోతి రుమాలు తీయలేదు. దాని కింద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది.