చొక్కా గుండీ అంత

“దాహంతో ప్రాణం పోతోందే!” అని ముందుగదిలోంచి భర్త కేక వేయగానే ఆమె కుట్టుమిషను ఆపి లేచింది. నీళ్ల సీసా ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉంది. తీసి అందించింది. పెళ్లయిన ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆయన ప్రాణం రోజుకు నాలుగుసార్లు పోతూనే ఉంది. చొక్కాకు ఇస్త్రీ లేకపోతే కొంప మునిగేది, పది నిమిషాలు ఆలస్యమైతే యుగాలు గడిచేవి. వాటిలో ఒక్కదాన్నీ ఎవరూ అతిశయోక్తి అనలేదు. అవి ఆజ్ఞలు. అతిశయోక్తి అన్న మాటను ఆమె కోసం దాచి ఉంచారు.

ఆమె దర్జీ. పావంగుళం తేడా వస్తే కుట్టు విప్పి మళ్లీ కుట్టే మనిషి. అందుకే వేసవి మొదట్లో రొమ్ములో గడ్డ చేతికి తగిలినప్పుడు ఉన్నదున్నట్టే చెప్పింది: “చొక్కా గుండీ అంత ఉందండీ.”

“గోరంతలు కొండంతలు చేయడం నీకు పుట్టుకతో వచ్చిన విద్య,” అంటూ ఆయన పేపరు తిప్పాడు.

రెండు నెలలకు, “కోటు గుండీ అంత అయింది,” అంది.

“మొన్న చొక్కా, ఇవాళ కోటు. రేపు దుప్పటి కూడా కప్పుతావా?” అని ఆయన నవ్వాడు. అత్తగారు జత కలిసింది: “మా కాలంలో పురుడైన మూడోనాడే బిందెలు మోశామమ్మా. ఇంత రాద్ధాంతం మాకు తెలీదు.”

ఆ తరువాత ఆమె తన మాటల్ని తానే కత్తిరించుకుంది. నొప్పిని కాస్త నలత చేసింది. కుడిచేయి పైకి లేవకపోతే పని ఎక్కువైందని సరిపెట్టింది. కొలత తగ్గిస్తే బట్ట ఒంటిని కోస్తుందని తెలిసిన మనిషి, తన బాధను మాత్రం తగ్గించే కుట్టింది. చేతిలోంచి కత్తెర జారిపడిన రోజున గానీ ఆసుపత్రికి ప్రయాణం కాలేదు.

“ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారు?” అని డాక్టరమ్మ అడిగింది.

“నాతో ఒక్కమాట అంటే కదండీ! ఆకాశాన్ని నేలకు దించైనా వైద్యం చేయించేవాణ్ణి,” అన్నాడు భర్త.

“రెండుసార్లు చెప్పాను,” అంది ఆమె.

“చూశారా? అన్నీ ఇలాగే పెంచి చెబుతుంది.”

ఇవాళే చేరాలని డాక్టరమ్మ చెప్పేసరికి ఆయన భార్య వైపు తిరిగాడు. “వచ్చేవారం చూద్దాంలే. నువ్వు లేకపోతే నేను ఒక్కపూట బతకలేనే!”

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మాటకే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇప్పుడు దాన్ని టేపు పెట్టి కొలిచింది. ఆయనకు పొయ్యి వెలిగించడం రాదు. తువ్వాలు ఎక్కడుంటుందో తెలియదు. ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో తెలియదు. ఒక్కపూట. పావంగుళం కూడా ఎక్కువ లేదు. ముప్పై ఏళ్లలో ఆయన అన్న మాటల్లో కొలతకు సరిపోయింది అదొక్కటే.

“ఇవాళే చేర్చుకోండి,” అని ఆమె ఫారం ముందుకు లాక్కుంది. సంతకం చేయడానికి కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టుకోవలసి వచ్చింది.