స్టేటస్‌లో వెండి అక్షరాలు

ఆ తెల్ల గీతను ఇంకాస్త వంచి ఉంటే వత్తు మలుపులో కూడా మెరుపు జారేది కదా, అనుకుంటూనే భానుశ్రీ ఫోన్ అందుకుంది, స్టేటస్ ఎవరెవరు చూశారోనని, కాకినాడ పెద్దమ్మ చూసింది, డిజైనింగ్ నేర్పిన సార్ కూడా చూశారు, మెరుపంటే తెలుపు కాదమ్మా, తెలుపు పక్కన నలుపు పెడితే వచ్చేది అనేవారు ఆయన, అందుకే రెండు వంకర గీతలు గీసింది, ఒకటి నల్లది, ఒకటి తెల్లది, మధ్యలో బ్లెండ్ లాగితే వందల గీతలు వాటంతటవే పుట్టుకొచ్చి, కరిగిన వెండి స్క్రీన్ మీద ఒలికినట్టయింది, తనకే ఒళ్లు పులకరించింది, చావు ఫ్లెక్సీకి బంగారు రంగు ఏం బాగుంటుంది, వెండే హుందాగా ఉంటుందని దాన్ని శ్రద్ధాంజలి అన్న అక్షరాల్లోకి దింపింది, కింద పోయినాయన పేరులోకీ దింపింది, మిషన్‌కి పంపకముందే ఫోటో తీసి స్టేటస్ పెట్టేసింది, న్యూ సిల్వర్ ఎఫెక్ట్, డిజైన్ బై భానుశ్రీ, పక్కన తళుకుల బొమ్మలు రెండు, ఇంకా ఎవరు చూశారు, అత్త కూతురు, పాలబ్బాయి, రాణి నర్సింగ్.

రాణి, అయ్యో, రాణి చూసింది, ఆ వెండి అక్షరాల్లో ఉన్న బుల్లబ్బాయి ఆ పిల్ల తండ్రి, పొద్దున పడవ దిగి వల లాగుతూ ఒడ్డునే కుప్పకూలిపోయాడట, ఆ పిల్లేమో రాజమండ్రిలో నర్సింగ్ చదువుతోంది, వాళ్ల మేనమామ గంగాధర్ ఇదిగో ఈ స్టూల్ మీదే కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ మరీ చెప్పాడు, అమ్మాయికింకా చెప్పలేదండి, నాన్నకి సీరియస్‌గా ఉంది రామ్మా అన్నామండి, రైలెక్కేసింది, ఒక్కత్తే వస్తందండి, ఇంటికొచ్చాక ఆడోళ్లు పట్టుకుని చెప్తారండి అని, తను ఊఁ అంది, అయ్యో పాపం అండి అని కూడా అంది, అంటూనే మౌస్‌తో ఆ తెల్ల గీతను వంచుతూనే ఉంది, అంటే వినలేదా, వింది, విని కూడా ఆ మాటను మనసులోకి దిగనివ్వలేదు, ఛీ, మనిషి ఏడుస్తూ చెబుతుంటే మెరుపు చూసుకుంటూ కూర్చుంది.

డిలీట్ కొట్టేసింది, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకపోతే ఏంటిది, పెదవి దాటితే పృథివి దాటుతుందని నాయనమ్మ ఊరికే అనేదా, ఏంటమ్మా అలా అయిపోయావు, మంచినీళ్లు తాగు అంటున్నారు మిషన్ దగ్గర్నుంచి ఓనరు వీరబ్రహ్మం గారు, ఏం లేదండి అంది, ఆయన వెనక ప్రింటింగ్ మిషన్ అటూ ఇటూ తిరుగుతూ బుల్లబ్బాయి ముఖాన్ని పట్టీలు పట్టీలుగా దింపుతోంది, జుట్టు వచ్చేసింది, నుదురు వచ్చేసింది, కనుబొమ్మలు వస్తున్నాయి, ఇంకాసేపుంటే కళ్లు వచ్చేస్తాయి, ఆ కళ్లను తను ఏనాడూ సరిగ్గా చూడలేదు, రాణికి సీటొచ్చినప్పుడు ఊళ్లో ఫ్లెక్సీ కట్టాలని తండ్రీ కూతురూ కలిసి వచ్చారు, నా కూతురి పేరు బంగారంలా ఉండాలండి, ఎర్రటెండలో కూడా మెరవాలండి అంటాడు ఆయన, ఊరుకో నాన్నా అంటుంది ఆ పిల్ల సిగ్గుపడుతూ, డిజైన్ పంపడానికి అప్పుడే నంబర్ తీసుకుంది, ఆయన స్క్రీన్ చూడటానికి దగ్గరికి వంగితే చేపల వాసన వేసి తను కుర్చీ పక్కకి జరుపుకుంది కూడా, ఆయన అది గమనించి వెనక్కి తగ్గాడు, ఆ సంగతి ఇప్పుడే గుర్తు రావాలా, సిగ్గు ఒంటరిగా రాదు కాబోలు, వస్తే పాతవాటినన్నిటినీ వెంటబెట్టుకునే వస్తుంది.

ఫోన్ టింగుమంది, అక్కా, తీసేశావేంటక్కా అని రాణి, వెంటనే ఇంకోటి, అంటే నిజమేనా అక్కా.

దేవుడా, తీసేయడమే జవాబైపోయింది, ఇప్పుడేం చెప్పాలి, వేరే బుల్లబ్బాయి అని చెబితే, ఊరికో బుల్లబ్బాయి ఉంటాడు, కానీ స్టేటస్‌లో ఆయన ఫోటో కూడా ఉంది కదా, గంగాధర్ వచ్చాక ఫోన్ ఆయన చేతిలో పెట్టేస్తే, దండ కొనడానికి వెళ్లాడు, ఇంకా రాలేదు, వచ్చినా ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది, మీరు దాచింది నేను ఊరంతటికీ చూపించానండి అనా, వీరబ్రహ్మం గారు ఏమంటారు, ఈ డిజైనర్ చూడండి, చావుని కూడా గొప్పలకి వాడుకుంది అని తుని అంతా అనుకోదూ, ఫోన్ మోగుతోంది, రాణి, ఎత్తలేదు, బల్ల మీద బోర్లా పెట్టింది, ఆగింది, మళ్లీ మోగుతోంది, తిడుతుంది, తిట్టనీ, తిడితే కాస్త బరువైనా దిగుతుంది.

తిట్టడానికేనా చేస్తోంది, వాళ్లమ్మకి చేసి ఉంటుంది, మామయ్యకి చేసి ఉంటుంది, అందరూ సీరియస్‌గా ఉందమ్మా, తొందరగా రా అనే అని ఉంటారు, వాళ్లది ప్రేమే, కానీ ఆ పిల్ల కళ్లారా చూసేసింది, సామర్లకోట దాటి ఉంటుంది, చుట్టూ ముక్కూ ముఖం తెలియనివాళ్లు, ఎవరో పల్లీలు ఒలుచుకుంటూ ఉంటారు, వాళ్ల మధ్య ఆ మాటను ఒక్కత్తే పట్టుకుని కూర్చుంది, అయినా తను ఇంతసేపూ ఆలోచించింది ఎవరి గురించి, నా పరువు, నా ఉద్యోగం, నా ముఖం, ఇందాక మెరుపు ఎంత నాదో ఇప్పుడు ఈ సిగ్గూ అంత నాదే, రెండింట్లోనూ ఆ పిల్ల లేదు.

ఎత్తింది, అక్కా అంది రాణి, వెనక రైలు చప్పుడు, క్షమించమ్మా అన్న మాట భానుశ్రీ నోటిదాకా వచ్చేసింది, అది తన కోసం అడుక్కునే మాట, తండ్రిని పోగొట్టుకున్న పిల్ల ఇప్పుడు తనను ఓదార్చాలా, మింగేసింది, కూర్చునే ఉన్నావా అమ్మా, పక్కన ఆడవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగింది, ఉన్నారక్కా, ఒక మామ్మగారున్నారు అంది, ఆవిడ చెయ్యి పట్టుకో, అంది భానుశ్రీ, నిజమేనమ్మా.