వాసనకు అంకె లేదు

వెల్డా ఆకు కొసను కత్తెర మొనతో పట్టి, లాగకుండా తెంపింది. లాగితే మొగ్గ చిరుగుతుంది. ఎడమచేతిలో తొడిమ తిరుగుతోంది, కుడిచేతిలో కత్తెర ఆడుతోంది. చూపుడువేలు రెండో కణుపు దగ్గర వంకరపోయింది. ఇక నిఠారు కాదు.

ఇరవై మూడేళ్ళప్పుడు ఒక్క కోతకాలానికని ఈ హంబోల్ట్ కొండలకు వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళయింది. అప్పట్లో పోలీసు హెలికాప్టర్ చప్పుడైతే కత్తెరలతో సహా పొదల్లో దూరేవాళ్ళు. ఇప్పుడు గంజాయికి సర్కారు లైసెన్సుంది, గోడకు కెమెరా ఉంది. ఆమె పని ఉంటుందో ఊడుతుందో మాత్రం ఈ పూట తేలాలి.

ఆరిన మొగ్గల్ని నలభై గాజు సీసాల్లో పెట్టి, నెలరోజులు పొద్దున్నే మూతలు తీసి గాలి చూపించి మళ్ళీ బిగించింది. దుకాణాలవాళ్ళు వాటిని మొగ్గలుగానే కొంటే చేతి కత్తిరింపు నిలుస్తుంది. లేకపోతే అంతా పొడిమరలోకే.

దుకాణాల తరఫున కొనుగోలుకు వచ్చిన కెల్సీ తెల్లబూట్లకు బురద అంటకుండా రాయి మీదినుంచి రాయి మీదికి అడుగేసుకుంటూ కొట్టంలోకి వచ్చింది.

"మత్తు శాతం ఎంత వచ్చింది?" కూర్చోకుండానే అడిగింది.

"పంతొమ్మిది," అన్నాడు తోట యజమాని గ్యారెట్.

"ముప్పై లేకపోతే ఎవరూ ముట్టుకోరండీ."

"అంకెను పీలుస్తారా ఏంటమ్మా? ముందు వాసన చూడు," అంది వెల్డా.

"దుకాణంలో మూత తీయనివ్వరు మేడమ్. సీలుంటుంది. చీటీ చదివి కొంటారు."

వెల్డా సీసా మూత తీసి ఆమె ముక్కు కింద పెట్టింది. తడిసిన దేవదారు, నారింజ తొక్క, వాటి వెనక ఎక్కడో కిరోసిన్. కెల్సీ కళ్ళు మూతపడ్డాయి.

"అబ్బ!" అంది. వెల్డా గ్యారెట్ వైపు చూసింది.

కెల్సీ కళ్ళు తెరిచింది. "అయినా పంతొమ్మిదేగా. అన్నీ పొడికి తీసుకుంటాను. కాగితం గొట్టాల్లో కూరి మామిడి వాసన పట్టిస్తే వారంలో అమ్ముడైపోతాయి. ఇప్పుడు నడిచేవి అవే."

"మామిడి కావాలంటే మామిడిపండు తినొచ్చుగా!"

గ్యారెట్ నవ్వబోయి ఆగిపోయాడు.

మధ్యాహ్నం సీసాలు ఒక్కొక్కటే మర నోట్లో ఒంపాడు. నెలరోజుల పని నిమిషంలో గరగరమంది. వెల్డా పళ్ళెంలో మిగిలిన మొగ్గల్ని కత్తిరిస్తూనే ఉంది.

"ఇంక ఆపు వెల్డా. అవీ మరలోకేగా."

"తొడిమలు కూడానా?"

"అన్నీ కలిపే."

"మీ నాన్న ఉంటే నీ చెవి మెలేసేవాడురా."

"నాన్న ఉంటే బ్యాంకువాళ్ళు ఆయన చెవే మెలేసేవాళ్ళు. చీటీలంటించే పనుంది, చేస్తావా?"

ఆమె చేతిలో ఉన్న మొగ్గను చివరి ఆకుదాకా శుభ్రం చేసి పళ్ళెంలో పెట్టింది. కోటు వేసుకుని వెళ్ళింది. ఆమె ట్రక్కు చప్పుడు వాగు మలుపుదాకా వినబడి ఆగిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తరవాతా రాలేదు.

మొగ్గలనుంచి కత్తెరకు పట్టిన మత్తు జిగురు కత్తిరించినవాళ్ళదే. ఆ కొండల్లో అది లైసెన్సులకన్నా పాత ఆనవాయితీ, ఆ జిగురును ఎవరూ వదిలిపోరు. ఆమె బల్ల మూలన, ఆ రోజు గీకి చుట్టిన నల్లటి ఉండ, గోళీకాయంత, బొటనవేలి గీతలు పడి అలాగే ఉంది.