కంచె అవతలి జత

బావమరిది పనిచేసే గొర్రెల ఫారం చూసిన మొదటి పూట మాస్టారికి అన్నీ వింతలే. అక్కడి పందులకు ఒంటినిండా ఉంగరాల ఉన్ని. కోళ్ళకు గోళ్ళదాకా ఈకలు, పంచె జారి పాదాల మీద పడ్డట్టు. ఆ కోళ్ళను చూసి ఏదో చెప్పబోతూ ఆయన పక్కకు తిరిగారు. పక్కన ఎవరూ లేరు. భార్య పోయి ఏడాది తిరగలేదు, అలవాటు మిగిలిపోయింది. బడికి సెలవు పెట్టి ఈ పరాయి దేశం వచ్చారు గానీ, మళ్ళీ వెళ్ళి పాఠం చెప్పగలనన్న నమ్మకం ఆయనకు లేదు.

"అసలు వింత ముందుంది, రండి బావా," అన్నాడు బావమరిది.

దొడ్డిలో గొర్రెల మధ్య నిటారైన మెడతో ఒక జంతువు నిలబడి ఉంది. మూపురం లేదు కానీ, ఒంటెకు వేలువిడిచిన చుట్టంలా ఉంది.

"దీన్ని లామా అంటారు. కాపలాకి తెచ్చాం. నక్కని చూస్తే తరిమి తరిమి తొక్కుతుంది."

"కుక్కలే దొరకలేదట్రా మీకు?"

"కుక్కకి వేరే తిండి పెట్టాలి. ఇదైతే గొర్రెలతోపాటే మేస్తుంది. దగ్గరికెళ్ళకండి, కోపమొస్తే ఉమ్ముతుంది. పిల్లలు పాఠం అప్పజెప్పనప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో, దీని మొహం ఎప్పుడూ అంతే."

మాస్టారు చాలాకాలానికి నవ్వారు. బావమరిది మాత్రం నవ్వలేదు. గొర్రెలు ఈనే కాలం, నక్కలు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. లామాను కొందామని యజమానికి నచ్చజెప్పినవాడు తనే. అది గొర్రెలను తనవిగా అనుకోకపోతే తన ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవడమే.

లామాకు గొర్రెలతో పనే లేనట్టుంది. పొద్దస్తమానం కంచె దగ్గరే నిలబడి, దూరంగా ఉన్న కొట్టం వైపు చూస్తూ సన్నగా మూలిగేది. దాని జత ఆ కొట్టంలో ఉంది. గదిలో కూర్చున్న మాస్టారికి ఆ మూలుగు వినబడుతూనే ఉండేది.

ఒక మధ్యాహ్నం బావమరిది దాణా కోసం పట్నం వెళ్ళాడు, చీకటిపడితే గానీ రాడు. మాస్టారు వెళ్ళి దొడ్డి గేటు గొలుసు తీశారు. లామా వెనక్కి చూడకుండా కొట్టంలోకి నడిచింది. రెండూ మెడలు చేర్చి నిలబడ్డాయి. మూలుగు ఆగిపోయింది. ఆ పూట మాస్టారు కడుపునిండా తిన్నారు.

తెల్లారాక బావమరిది బురద బూట్లతోనే, చేతిలో పగ్గంతో గదిలోకి వచ్చాడు.

"గొలుసు తీసింది మీరా?"

"నేనేరా. పాపం, జత కోసం అలమటిస్తుంటే..."

"నక్క ఒక పిల్లని పట్టుకుపోయింది బావా."

మాస్టారు మంచం మీంచి లేచి నిలబడ్డారు.

"రెండూ ఒకచోట ఉంటే ఒకదాన్నొకటి చూసుకుంటూ కూచుంటాయి. పక్కన కొంప మునిగినా తలెత్తవు. అందుకే ఒక్కదాన్నే పెడతాం. ఒంటరిదైతేనే చుట్టూ ఉన్నవాటిని పట్టించుకుంటుంది."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదరా!"

"మీకెలా చెప్పమంటారు?"

చనిపోయినావిడ ఒకరికి భార్య, ఒకరికి అక్క.

"యజమాని ఏమన్నాడు?"

"ఇంకొక్క పిల్ల పోతే లామాతోపాటు నన్నూ పొమ్మన్నాడు."

"ఆ పగ్గం ఇలా ఇయ్యి," అన్నారు మాస్టారు.

కొట్టంలోంచి లాక్కొస్తుంటే లామా ఆయన చొక్కా మీద ఉమ్మింది. ఆయన తుడుచుకోలేదు. దాన్ని దొడ్డిలోకి తోలి, గొలుసు బిగించి, తానూ లోపలే ఉండిపోయారు. మర్నాడూ అంతే. అది కంచె దగ్గర మూలిగేది, ఆయన దాణా బకెట్టుతో గొర్రెల మధ్య నిలబడేవారు. తినాలంటే దానికి అక్కడికి రాక తప్పలేదు.

ఒకనాటి పొద్దున, అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఒకటి తూలుతూ వచ్చి దాని కాళ్ళ మధ్య దూరింది. లామా మెడ వంచి వాసన చూసింది, తన్నలేదు. అంతలో పొదల్లో నక్క కదిలింది. లామా గుర్రంలా సకిలించి దాని మీదికి ఉరికింది. నక్క తోక ముడిచి కంచె దాటింది.

"బతికించారు బావా!" అంటూ పరిగెత్తుకొచ్చాడు బావమరిది. "ఇంకో నెల ఉండిపోండి."

"బళ్ళు తెరుస్తార్రా. టికెట్ చూడు."

బావమరిది తలూపాడు. లామా గొర్రెల మధ్యకు తిరిగొచ్చి, ఒకసారి మెడ ఎత్తి కొట్టం వైపు చూసింది.

"ఇంకా అటే చూస్తోంది," అన్నాడు బావమరిది.

"చూడనీరా," అన్నారు మాస్టారు, బకెట్టు అందుకుంటూ.